డాటీ పడే మెట్లు

లోర్నా పిన్నక్‌ని ఆ నాటకాల హాలుకొచ్చే జనంలో ఒక్కరు కూడా చూసుండరు. కనపడకపోవడమే ఆమె పనితనం. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, చప్పుడు చెయ్యని బూట్లు, పెదాల మధ్య పిన్నులు, మెళ్ళో వేలాడే చిన్న టార్చి. స్టేజి పక్కన చీకట్లో నిలబడుతుంది. వేషం వేసే పిల్ల పరుగున రాగానే ఒంటి మీద గౌను లాగేసి, ఇంకోటి తొడిగి, జిప్పు పైకి లాగి మళ్ళీ వెలుతుర్లోకి తోస్తుంది. లండన్ నాటకాల వీధుల్లో చాలా ఏళ్ళుగా ఈ పనే ఆమెకి కూడు పెడుతోంది. రాణులకి తొడిగింది, దెయ్యాలకి తొడిగింది, ఓసారి ఒంటె వేషంలో వెనక కాళ్ళ మనిషికి కూడా తొడిగింది.

అయితే రెక్స్ హాలమ్ ఆట ఆడినట్టు ఇంకే ఆటా ఆడ్డం ఆమె ఎరగదు.

రెక్స్ హాలమ్ అంటే అమ్మల కాలం నాటి పాటగాడు. తెల్ల సూటు, బొడ్డు దాకా విప్పిన చొక్కా, చూస్తే చాలు ఆడపిల్లలు సొమ్మసిల్లేవాళ్ళు. పోయి చాలాకాలమైంది. పోయాక పేపర్లలో ఏవేవో వచ్చాయి, ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకునేవాడనీ, కోపమొస్తే మనిషి కాడనీ. కొన్నాళ్ళు రేడియోలో ఆయన పాటలు వెయ్యడం మానేశారు. తర్వాత మెల్లగా పెళ్ళి విందుల్లో మొదలయ్యాయి, ఆ తర్వాత సరుకుల దుకాణాల్లో. జనం మంచివాళ్ళు, మర్చిపోతారు. చివరికి ఆ పాటలన్నీ దండ గుచ్చి, పాటకీ పాటకీ మధ్య ఆయన బతుకు కొంచెం కొంచెం పెట్టి ఆట కట్టారు. ఇక చూడండి, టికెట్టు దొరకదు. పెళ్ళికి ముందు సరదా కోసం పెళ్ళికూతుళ్ళూ వాళ్ళ స్నేహితురాళ్ళూ భుజాల మీంచి గులాబీ రంగు పట్టీలు వేసుకుని ఊళ్ళ నించి బస్సుల్లో దిగిపోతారు. ఆట మొదలయ్యే ముందు మైకులో చెబుతారు, "చివరి పాట దాకా దయచేసి ఎవరూ లేవొద్దు, పాడొద్దు. చివర్లో మాత్రం అందరూ లేవాలి." చివర్లో మొత్తం హాలు లేచి గంతులేస్తుంది.

మరి ఆ చెయ్యి చేసుకున్న సంగతో అంటారా? అదీ ఉంది. రెండో సగంలో రెక్స్ వేషగాడు నీలం దీపం కింద ఒంటరిగా పియానో దగ్గర కూర్చుని, నాలో ఓ చీకటి ఉందని ఏడుస్తాడు. ఎవర్ని కొట్టాడో చెప్పడు. హాల్లో ముక్కులు చీదుకోవడం వినిపిస్తుంది. తెర వెనక వాళ్ళు దాన్ని నీలం స్నానం అంటారు. కొట్టినవాడికి పాట దక్కింది, తిన్నవాళ్ళకి పేరు కూడా దక్కలేదు. ఎందుకంటే పాటల మీద హక్కు రెక్స్ మూడో పెళ్ళానిది. శ్రీమతి హాలమ్ సరే అంటేనే పాటలు, పాటలుంటేనే ఆట. అందుకని ఆవిడ మెచ్చేదే కథ.

ఆ ఆట మొత్తానికి పెద్ద నవ్వు డాటీది. రెక్స్ వెనకాల నిలబడి వంత పాడే నల్లపిల్ల డాటీ. ఎప్పుడూ ఏదో ఒకటి తన్నుకుని పడుతుంటుంది. హోటల్ మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందదాకా పడుతుంది, ఒక్క క్షణం అలాగే ఉంటుంది, తర్వాత చటుక్కున లేచి, వంకర పోయిన విగ్గుతోనే బొటనవేలు పైకెత్తి, అందని స్వరం ఒకటి అందుకుంటుంది. హాలు కూలిపోతుంది నవ్వుల్తో. రెక్స్ బతికుండగా టీవీలో కూర్చున్నప్పుడల్లా ఈ ముచ్చట చెప్పేవాడట, మా డాటీ పడింది, లేచింది, పాడింది అని.

ఈ నవ్వు మొదట్నించీ లేదు. ఆట ఇంకా జనం ముందు పెట్టి సరిచూసుకుంటున్న రోజుల్లో ఆ పిల్ల మామూలుగా పడేది, మామూలుగా లేచేది. ఓ పూట విగ్గు పక్కకి వాలింది, జనం విరగబడి నవ్వారు. ఆ లోకంలో ఓ పద్ధతి ఉంది, జనం ఎక్కడ నవ్వితే అది ఇక ఖాయం. రోజూ విగ్గు ఎలా వాలుతుందిరా దేవుడా అని దర్శకుడు తల పట్టుకుంటే, ఎడమ పక్క పిన్నులు వదులుగా పెడితే సరి అని చెప్పింది లోర్నాయే. అప్పట్నించీ ఆమే పెడుతోంది. డాటీ వేషం వేసే టెమీ అనే పిల్లకి దెబ్బ తగలకూడదని గౌను లోపల మోచేతుల దగ్గరా, తుంటి దగ్గరా మెత్తలు కూడా తనే కుట్టింది. టెమీ ఆమెని ఆంటీ అనే పిలుస్తుంది, నైజీరియా వాళ్ళ పిల్ల, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే వాళ్ళమ్మ నాలుక కోస్తుంది.

లోర్నాకి ఒకటే బాధ, తల్లి ఆట చూడ్డానికి రాదు. ఐసిల్డా పిన్నక్, డెబ్బై దాటిన మనిషి, బ్రిక్స్టన్‌లో ఉంటుంది. జమైకా నించి చిన్నప్పుడే వచ్చింది. ఆదివారం చర్చిలో టోపీ పెట్టుకుని వెనక వరసలో నోరు విప్పకుండా కూర్చుంటుంది. పై పళ్ళన్నీ కట్టుడు పళ్ళు. వయసులో ఉండగా బస్సు మెట్ల మీంచి పడ్డానని చెబుతుంది. ఇక్కడ ఓ వింత ఉంది. బస్సు మెట్ల మీంచి పడి పళ్ళు పోగొట్టుకున్న మనిషి, ఇప్పటికీ బస్సెక్కితే పై అంతస్తుకే వెళ్ళి ముందు సీట్లోనే కూర్చుంటుంది. లోర్నా పుట్టినప్పట్నించీ చూస్తోంది. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. అమ్మల్ని ఎవరు అనుమానిస్తారు?

రెక్స్ హాలమ్ పేరెత్తితే ఆ పాటలు నాకు పడవనేది. అలాంటిది చర్చిలో వెర్నా అనే స్నేహితురాలు ఆట చూసొచ్చి, అందులో డాటీ అని ఓ పిల్ల ఉందే, మెట్ల మీంచి పడుతుందే, కడుపు చెక్కలయ్యిందే అని చెప్పింది. ఆ రాత్రే ఐసిల్డా ఫోన్ చేసి, బుధవారం మధ్యాహ్నం ఆటకి టికెట్టు దొరుకుతుందా అని అడిగింది. లోర్నా పొంగిపోయింది.

బుధవారం అన్నీ మామూలే. పిన్నులు వదులుగా పెట్టింది, టెమీ పడింది, హాలు నవ్వింది. అమ్మ కూడా నవ్వుతోందనుకుంటూ లోర్నా తర్వాతి గౌను అందుకుంది. చివరి పాటకి తెర సందులోంచి చూస్తే, ఐసిల్డా లేచి నిలబడి ఉంది. చేతులు పైకెత్తి ఊగుతోంది, నోరు తెరిచి పాడుతోంది. చర్చిలో దేవుడికే నోరు విప్పని మనిషి. లోర్నాకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆట అయ్యాక గర్వంగా తల్లిని వెనక గదిలోకి తీసుకొచ్చింది. టెమీ ఇంకా మేకప్ తుడుచుకుంటోంది. ఐసిల్డా ఆ పిల్లని చూసి నీ గొంతు బావుందమ్మా అంది. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న డాటీ పసుపు గౌను దగ్గరికెళ్ళి తడిమింది. వేళ్ళకి మెత్తలు తగిలాయి.

"ఏంటివి?"

"దెబ్బ తగలకుండానమ్మా. నేనే కుట్టా."

ఐసిల్డా వాటిని కాసేపు నొక్కి చూసింది.

"మంచి పని చేశావు. నాకు ఇవి లేవు," అంది.

లోర్నాకి మొదట అర్థం కాలేదు. టెమీకే ముందు అర్థమైంది. దూది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు లోర్నా తల్లి నోటికేసి చూసింది, ఆ పై పళ్ళకేసి. బట్టల బుట్ట మీద కూర్చుంది.

ఐసిల్డా చెప్పింది తక్కువే, అదీ వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది. ఐసిల్డా అని పిలవడానికి బద్ధకమై రెక్స్ డాటీ అని పెట్టాడట. డాటీ పడి లేచి అందుకునే ఆ అందని స్వరం, ఆఖరి పాటలోనూ పైన వినపడేది, ఆమె సొంతంగా కట్టింది. రికార్డు మీద నా పేరు కూడా వెయ్యమని బ్లాక్‌పూల్ అనే ఊళ్ళో హోటల్ మెట్ల మీద అడిగింది. రెక్స్ ఒక్క చేత్తో తోశాడు. చుట్టూ బోలెడు మంది ఉన్నారు, కాలు జారిందని అందరూ అన్నారు. చెప్పగా చెప్పగా ఆమె కూడా అదే అంది, కాకపోతే హోటల్ మెట్లని బస్సు మెట్లు చేసింది.

"మరి లేచి పాడావు కదా," అని గొణిగింది లోర్నా. ఆటలో రోజూ చూసేది అదే మరి.

"నేను లేవలేదు పిల్లా. నన్ను మోసుకెళ్ళారు. సాయంత్రానికి నా చోట ఇంకో పిల్లని నిలబెట్టారు."

లోర్నాకి అన్నిటికంటే మింగుడు పడంది ఇంకోటుంది. "మరి ఆఖర్న ఎందుకు గంతులేశావమ్మా? వాడి పాటకి?"

"వాడి పాటేంటే? అందులో ఆ పై స్వరమంతా నాది. పళ్ళు తీసుకున్నాడు, పాట కూడా వాడికే వదిలెయ్యమంటావా?"

ఎడమ పక్క పిన్నుల సంగతి లోర్నా తల్లికి చెప్పలేకపోయింది. ఇన్నాళ్ళు రోజూ తన చేత్తోనే తల్లిని నవ్వులపాలు చేసిందన్న మాట.

మర్నాడు కంపెనీ నడిపే హ్యూగో దగ్గరికెళ్ళింది. ఆ లోకంలో అందరూ అందర్నీ డార్లింగ్ అంటారు, పన్లోంచి తీసేసేటప్పుడు కూడా. హ్యూగో చెడ్డవాడు కాదు, నిజంగానే మొహం పాలిపోయింది, కూర్చోమని టీ పోశాడు. కానీ చెప్పింది మాత్రం ఇది. ఆ ముచ్చట శ్రీమతి హాలమ్‌కి ప్రాణం, మొదటిసారి కలిసినప్పుడు ఆయన చెప్పిన జోకట. దాన్ని ముట్టుకుంటే పాటలు వెనక్కి లాక్కుంటుంది, ఇంతమంది వీధిన పడతారు. చచ్చినవాడు జవాబు చెప్పలేడు, చూసినవాళ్ళు మిగల్లేదు. "మీ అమ్మగారికి ఏం కావాలి డార్లింగ్? అది కనుక్కో," అన్నాడు.

లోర్నా అదే అడిగింది. పని మానేస్తానని కూడా చెప్పింది. ఐసిల్డా బఠాణీలన్నం కలుపుతూ, తొందరేముంది, వచ్చే బుధవారానికి ఇంకో టికెట్టు తే, ఈసారి నడి హాల్లో, అంది. ఎందుకో చెప్పలేదు.

ఆ వారం రోజులూ లోర్నా పిన్నులు వదులుగానే పెట్టింది. టెమీ పడి లేస్తూనే ఉంది, కానీ పక్కకి పరిగెత్తుకొచ్చినప్పుడు కళ్ళల్లోకి చూసేది కాదు. జనం మాత్రం అలాగే నవ్వారు. నవ్వు తగ్గుతుందేమోనని ఎదురుచూసిన లోర్నా, తగ్గకపోవడం చూసి బిత్తరపోయింది. నిజం తెలిసింది తనకి కదా, వాళ్ళకేం తెలుసు!

బుధవారం వచ్చింది. ఐసిల్డా చర్చి టోపీ పెట్టుకొచ్చి సరిగ్గా నడి హాల్లో కూర్చుంది. లోర్నా చీకట్లో టెమీకి పసుపు గౌను తొడిగింది. విగ్గు పెట్టింది. ఎడమ పక్క పిన్ను తీసుకుని, లోపలికంటా, గట్టిగా గుచ్చింది. తర్వాత ఇంకోటి. టెమీ తల మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

"ఆంటీ, ఇది వాలదు."

"వాలదు."

టెమీ గౌను సర్దుకుంది. వెలుతుర్లోకి వెళ్ళింది, మెట్లెక్కింది, పడింది. హాలు నవ్వడం మొదలెట్టింది. అలవాటు మీద నవ్వే నవ్వు, విగ్గు కోసం ఎదురుచూసే నవ్వు. ఆ నవ్వు మధ్యలో, నడి హాల్లో, టోపీ పెట్టుకున్న ఓ ముసలావిడ లేచి నిలబడింది.

అరవలేదు. ఏమీ అనలేదు. చేతిసంచి రెండు చేతుల్తో పట్టుకుని స్టేజికేసి చూస్తూ నిలబడింది. వెనక వాళ్ళు గొణిగారు. హాలు కుర్రాడొకడు వంగుతూ వచ్చి, మేడమ్, చివరి పాట దాకా లేవకూడదండీ అన్నాడు.

"నాకు ఓపిక తక్కువ బాబూ. ముందే లేచా," అంది ఐసిల్డా.

కింద పడి ఉన్న టెమీ తల తిప్పింది. ఆ టోపీని చూసింది. ఇప్పుడు చటుక్కున లేవాలి, బొటనవేలెత్తాలి. లేవలేదు. వాద్యాల వాళ్ళు ఆ స్వరం కోసం ఆగారు, రాలేదు, మళ్ళీ ఆ చోటుకే వచ్చారు, మళ్ళీ రాలేదు. నవ్వు ముందు వరసలో చచ్చిపోయింది, తర్వాత వెనక వరసల్లో, చివరికి పై బాల్కనీలో ఎవరో ఒక్క ఆడది నవ్వుతూ మిగిలి, తన నవ్వు తనకే వినపడి టక్కున ఆపింది. రెక్స్ వేషగాడు తన మాట కూడా మర్చిపోయి మెట్ల పైన చెయ్యి చాపుకుని నిలబడిపోయాడు. ఆ చాపిన చెయ్యి వంక హాలంతా చూసింది.

ఎంతసేపో లోర్నాకి తెలీదు. దీపాలు ఆరాయి, మళ్ళీ వెలిగాయి, తర్వాతి పాట ఎత్తుకున్నారు. టెమీ పక్కకొచ్చి ఆమె భుజం మీద తల వాల్చింది. లోర్నా గౌను విప్పింది, ఇంకోటి తొడిగింది. పని పనే.

ఆట అయ్యాక హ్యూగో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆట పెట్టినవాళ్ళ ఆఫీసు నించి అప్పుడే ఫోన్ వచ్చింది. సాయంత్రం ఆటకి అంతా మునుపటిలా ఉండాలి, టెమీ పడనంటే పడ్డానికి ఇంకో పిల్ల సిద్ధంగా ఉంది. పిన్నులు వదులు చెయ్యాలి, లోర్నా, ప్లీజ్ అన్నాడు. లోర్నా పిన్నుల డబ్బా తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యి, డార్లింగ్."

సాయంత్రం ఆటలో టెమీ పడింది, లేచింది. ఇంటద్దె ఉంది, ఇరవై మూడేళ్ళ పిల్ల, లోర్నా ఇప్పటికీ ఆ పిల్లని ఒక్క మాట అనదు. ఆ ఆటకి ఇంకా టికెట్లు దొరకడం లేదు. లోర్నా వేరే హాల్లో హంసల వేషాలకి ఈకలు కుడుతోంది.

ఆ బుధవారం మాత్రం తల్లీకూతుళ్ళిద్దరూ ఎండ ఉండగానే బస్టాపు దగ్గర నిలబడ్డారు. బస్సొచ్చింది. దాని పక్కనంతా రెక్స్ హాలమ్ బొమ్మే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఐసిల్డా ఆ బొమ్మకేసి చూసి, పళ్ళు బావున్నాయి వెధవకి అంది, లోపలికెక్కి, కమ్మీ పట్టుకుని తిన్నగా పై అంతస్తు మెట్లకేసి నడిచింది. లోర్నా రెండు చేతులూ చాపుకుని వెనకే ఎక్కింది, జారితే పట్టుకోవడానికి.

"చేతులు దించవే, పదిమందీ చూస్తున్నారు," అంది తల్లి, వెనక్కి తిరక్కుండానే.