ఆదివారం విప్పని పట్టీ

ఆపా పోయిందని నిన్న పొద్దున పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాను, నిలబడే ఓపిక లేదు. అట్లాగే బస్సెక్కి పటేల్‌గూడలో ఆమె ఇంటికి వెళ్లాను.

పటాన్‌చెరు దాటాక ఉన్న మా వృద్ధాశ్రమంలో ఆమె పెద్ద ఆయా, అందరికీ ఆపా, అంటే అక్క. పాశమైలారంలో డబ్బాలు ప్యాక్ చేసే పని పోయి నేను అక్కడ చేరితే, పని నేర్పింది ఆమే. పక్షవాతం వచ్చినవాళ్లకు పాదం వాలిపోకుండా వేసే ప్లాస్టిక్ బ్రేస్ మొదటిరోజే నా కాలికి కట్టి తిరగమంది. మధ్యాహ్నానికి ఏడుపొచ్చింది.

"నీకు నొస్తే చెప్తున్నవ్. ఆళ్ల కాలు చెప్పదు బేటీ, మనమే ఇప్పి సూడాలె," అంది.

ఆమె రెండు గంటలకోసారి ముసలివాళ్ల బ్రేసులు విప్పేది. సాక్సు ముడతలు సరిచేసేది, పట్టీ కింద వేలు దూరుతుందో లేదో చూసేది. చర్మం మీద ఎరుపు కాసేపటికి పోకపోతే ఇగ ఆ రోజుకు బ్రేస్ బంద్. ఇంత చాదస్తమేంటని నేను విసుక్కునేదాన్ని.

ఆదివారాలు ఇంటివాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లొచ్చేసరికి అందరికీ బ్రేసులు వేసి ఉండాలని మేనేజర్ సార్ పట్టు. ఒక ఆదివారం ఆపా ఆడవాళ్ల వార్డులో ఉంది. మాట కూడా పడిపోయిన ఒక తాతకు నేను పొద్దున్నే బ్రేస్ వేసి, డబ్బాకు తాడు బిగించినట్టు బిగించాను. కొడుకు సాయంత్రానికి గాని రాలేదు. అప్పటిదాకా విప్పలేదు. విప్పేసరికి మడమ మీద తోలు లేచిపోయి ఉంది.

"ఎవరు కట్టిండ్రు?" అని నిలదీశాడు కొడుకు. మా ఇంట్లో నా ఒక్క జీతమే. విప్పిన సాక్సు మడతపెడుతూ నిలబడ్డాను.

"నేనే సాబ్. గల్తీ నాది," అంది అరుపు విని వచ్చిన ఆపా, నా వైపు చూడకుండా.

ఆమెను బట్టలుతికే పనికి మార్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. సబ్బు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఇయాల జెర ఎండిందా?" అని మాత్రం అడిగేది. నర్సమ్మ కట్టు మారుస్తుంటే తాత కాలు పట్టుకునేది. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

నిజం చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. ఇయ్యాల అలిసిపోయాను, రేపు చెప్తాననుకుంటూనే ఇన్నేళ్లు గడిపాను. సిగ్గుగా ఉంది. ఆపా ఇంట్లో కూడా చెప్పలేకపోయాను కనుక మీకు చెబుతున్నాను.

నిన్న వాళ్లింట్లో గోడకు ఆనుకొని కూర్చుంటే ఆపా కోడలు వచ్చింది.

"ఆశ్రమంల పనిచేసేది నువ్వేనా అక్కా? తాత మడమకు పుండైతే నువ్వే మాన్పినవని అమ్మీ అందరికీ చెప్తుండె," అంటూ నా చేతులు రెండూ కళ్లకద్దుకుంది.

బిగించి కట్టినవి ఆ చేతులే. చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే పక్కనున్న ముసలామె కూడా నా చేతులు అందుకుంది.