రూఫ్ పరీక్షలో తప్పిన మా బస్ షెల్టర్

మా కాలనీ నుంచి పెద్ద రోడ్డుకి నడిస్తే పావుగంట. ఆ రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఓపెన్‌కాస్టు గని నుంచి వచ్చే బొగ్గు టిప్పర్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతుంటాయి. మా ఆవిడ పెద్దపల్లిలో టీచరు. ఆమె బస్సు ఎక్కాల్సింది అవతలి ఒడ్డున. ఒడ్డు అని ఎందుకంటున్నానంటే, వానాకాలంలో గోదావరిని ఈదడం ఇంతకంటే తేలికని నా నమ్మకం. ఒకరోజు ఆమె రోడ్డు ఇవతల నిలబడి, సందు దొరికేలోపు తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లన్నీ దిద్దేసింది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. చెప్పడం మాత్రం మానను.

నేను గనుల ఆఫీసులో గుమస్తాను. పొద్దున ఏడున్నరకు ఆమెను స్కూటర్ మీద తీసుకెళ్లి, రోడ్డు మధ్యకి దిగి, చెయ్యెత్తి టిప్పర్లను ఆపి, ఆమెతో పాటు అక్కడ పోగైన అవ్వలను, అక్కలను, గంపలను, మేకపిల్లలను దాటించడం నా అసలు ఉద్యోగం. టిప్పర్లు నా చెయ్యి చూసి ఆగుతాయని నేననుకునేవాణ్ణి. నా పొట్ట చూసి, ఏదో స్పీడ్ బ్రేకర్ అనుకుని ఆగుతాయని మా ఆవిడ అభిప్రాయం.

మా డివిజన్ కార్పొరేటర్ మా పక్క లైను క్వార్టర్లోనే పుట్టిన గని కార్మికుడి బిడ్డ. నాకంటే చిన్నది, నన్ను అన్నా అంటుంది. కాలనీ మొత్తం ఆమెను అక్కా అంటుంది, పళ్లన్నీ ఊడిన అవ్వలతో సహా. ఎన్నికల్లో మిగతావాళ్లు ఫ్లైఓవర్లు, పార్కులు, ఒకాయనైతే దాదాపు విమానాశ్రయం దాకా మాటిచ్చారు. ఈమె ఒకే ఒక్కటి చెప్పింది. పొద్దుటి బస్సు పెద్ద రోడ్డు మీద కాకుండా మన కాలనీ లోపలికొస్తది, మనోళ్లు ఎవ్వరు గా రోడ్డు దాటే పని లేదు అని.

గెలిచాక ఆ ఒక్క మాట కోసం ఆమె డిపో చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందంటే, చివరికి డిపో గేటు దగ్గరి కుక్క ఆమెను చూసి లేచి నిలబడేది. బస్సు తిరగడానికి మా మూల మలుపు ఇరుకన్నారు. కూలిపోయిన మోరీ గోడ తీయించి వెడల్పు చేయించింది. రోడ్డు బాగాలేదన్నారు. సిమెంటు పోయించింది. బడి ముందు పిల్లలున్నారన్నారు. స్పీడ్ బ్రేకర్ వేయించింది. దాని మీద నిలబడితే కమాన్‌పూర్ కనబడుతుందని నేను ప్రచారం చేశాను. ఇక చెప్పడానికి ఏ వంకా మిగలక, డిపో అధికారి ఒక్క నెల చూద్దామన్నాడు. మా స్టాపులో జనం ఎక్కితే బస్సు ఉంటుంది, లేదంటే పాత దారిలోనే పోతుంది. ఇది పోతే మళ్లీ రాదని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. నా పొట్ట భవిష్యత్తు దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ నెల మొదలయ్యే రోజు పొద్దున కొత్త బస్ షెల్టర్‌కు రిబ్బన్ కట్టారు. నాలుగు ఇనుప స్తంభాలు, పైన నీలం రేకు, కింద నల్లరాయి బెంచీ. మా కాలనీలో అంతవరకు అంత అందమైన కట్టడం లేదు. తాజ్‌మహల్ చూసినవాళ్లు మాలో ఇద్దరున్నారు. వాళ్లు కూడా కాసేపు ఆలోచించారు.

ఆమె కత్తెర పట్టుకుని నిలబడి ఉండగా కాక వచ్చాడు. కాక అంటే మా నాన్న పనిచేసిన గనిలో మైనింగ్ సర్దార్‌గా రిటైరైన పెద్దమనిషి. అండర్‌గ్రౌండ్‌లో షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ లోపలికి పోయి, పైకప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టిగా ఖంగుమంటే మంచి రూఫ్. డప్పులా డొల్లగా మోగితే చెడ్డ రూఫ్. చెడ్డదైతే సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టి, ఎవరినీ అడుగు పెట్టనివ్వకూడదు. కాక రిటైరై ఏళ్లయింది గాని, ఆ కర్ర రిటైర్ కాలేదు. ఆయన పెళ్లి పందిళ్లను కూడా తట్టి చూశాకే కూర్చుంటాడు.

కాక రిబ్బన్ కింది నుంచి దూరి లోపలికి పోయాడు. కర్ర పైకెత్తి రేకును తట్టాడు. రేకు మోగింది. ఎందుకు మోగదు, రేకు కదా. బోనాల ఊరేగింపు వస్తుందేమోనని రెండు వీధుల అవతల ఆడవాళ్లు బయటికొచ్చారు. కాక ఇంకో మూల తట్టాడు. అక్కడా అదే మోత. బెంచీ ఎక్కి, జేబులోంచి సుద్దముక్క తీసి, నీలం రేకు మీద ఇంత పెద్ద ఇంటూ గీసి బయటికొచ్చేశాడు.

మున్సిపల్ ఇంజనీరు కుర్రవాడు. రేకన్నాక మోగుతుందనీ, ఇది గని కాదనీ చాలా మర్యాదగా విడమరిచి చెప్పాడు.

"మోగుతదని ఎరుకుండి మోగేదే ఎందుకేసినవ్ బిడ్డా?" అన్నాడు కాక. ఇంజనీరు జేబులోంచి కాగితం తీసి, ఆ ప్రశ్న రాసుకున్నాడు.

రిబ్బన్ కత్తిరించారు, చప్పట్లు కొట్టారు, స్వీట్లు పంచారు. అన్నీ షెల్టర్ బయటే.

మీరు నవ్వొచ్చు. నేనూ ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. కాని మా మూడు లైన్ల వాళ్లు ఆ ఇంటూ గుర్తును ఎందుకు దాటలేదో చెప్పాలి. నేను బడికి పోయే రోజుల్లో ఒక సెకండ్ షిఫ్టులో కాక ఒక దారి కప్పును తట్టి, లోపలికి పోవద్దన్నాడు. పని ఆగిపోతుందని పైవాళ్లు కేకలేశారు. కార్మికులు కూడా సణిగారు, మా నాన్న అందరికంటే ఎక్కువ సణిగాడట. వాళ్లు బయట కూర్చుని తెచ్చుకున్న టీ తాగుతుండగా, లోపల కప్పు కూలింది. టీ గ్లాసులోకి బొగ్గు దుమ్ము వచ్చి పడిందని మా నాన్న చెప్పేవాడు. ఆయన ఏ సంగతీ పెంచి చెప్పేవాడు కాదు. ఆ గుణం నాకు రాలేదు. ఆ రోజు టీ తాగినవాళ్ల పిల్లలూ మనవళ్లూ కలిస్తేనే ఇవాళ్టి మా కాలనీ. కాక గీత గీస్తే దాటేవాళ్లు ఇక్కడ పుట్టలేదు.

కాబట్టి బస్సు కోసం జనం షెల్టర్‌లో నిలబడలేదు. అరవై అడుగుల అవతల, మలుపు తిరిగాక ఉండే ఇస్త్రీ బండి నీడలో నిలబడ్డారు. డ్రైవరేమో కొత్తవాడు, మర్యాదస్తుడు. ఖాళీ షెల్టర్ ముందు బస్సు నెమ్మది చేసి, ఎవరూ లేరని చూసుకుని ముందుకు పోయేవాడు. ఇస్త్రీ బండి దగ్గరి నుంచి జనమంతా చేతులు ఊపేవాళ్లు. మంచి కాలనీ, ఎంత ప్రేమగా సాగనంపుతున్నారని ఆయన కూడా చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. పరిగెత్తగలిగినవాళ్లు నలుగురో ఐదుగురో ఎక్కేవాళ్లు. మా ఆవిడ చీరకట్టుతో పరిగెత్తడంలో ఎంత ఆరితేరిందంటే, బడి ఆటల పోటీల్లో పిల్లలు ఆమెను కూడా పేరివ్వమని అడిగారు. మిగతావాళ్లు మళ్లీ పెద్ద రోడ్డుకి, మళ్లీ నా పొట్ట వెనక్కి.

మూడు వారాలు గడిచాయి. కండక్టర్ రాతల్లో మా స్టాపు ఎడారిలా ఉందని డిపోలో చెప్పారట. చివరి వారం పొద్దుటి బస్సులో అధికారి స్వయంగా వచ్చి చూస్తాడని, ఆ తర్వాత నిర్ణయమని కబురొచ్చింది. మా కార్పొరేటర్ ఇంటింటికీ తిరిగి షెల్టర్‌లో నిలబడమని బతిమాలింది. అందరూ ఆమెకు టీ ఇచ్చారు, అందరూ సరే అక్కా అన్నారు, అందరూ ఇస్త్రీ బండి దగ్గరే నిలబడ్డారు. ఇంజనీరు బరువు మోసే లెక్కల కాగితం తెచ్చి స్తంభానికి అంటించాడు. దాన్ని మేక తినేసింది.

ఒక సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చి, నన్ను కాక ఇంటికి తోడు రమ్మంది. కళ్ల కింద నలుపు చూస్తే నాకు హాస్యం తోచలేదు. దారిలో ఒక్క మాటే అంది. "గా రోడ్డు మీద ఎవలకన్న ఏమన్న అయితె నేను ఎట్ల నిద్రపోవాలె అన్నా?"

కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కర్ర గోడకు ఆనించి ఉంది, ఆయనకంటే నిటారుగా. ఈమె రేకు గురించి వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. నేల మీద కూర్చుంది.

"కాకా, నువ్వు ఖరాబన్నవ్, నేను కాదంటలేను. మా నాయిన గూడ నీ షిఫ్ట్‌లనే జేసిండు. కని రూఫ్ ఖరాబని రాసినోడు, దానికి ఏం జెయ్యాల్నో గూడ రాయాలె గద. నువ్వు సగం రిపోర్టే రాసి ఇడిసిపెట్టినవ్."

నేను ఊపిరి బిగబట్టాను. గోడ మీద బల్లి కూడా బిగబట్టింది. కాక ఉద్యోగ జీవితంలో మేనేజర్లు ఆయన్ను మొండి అన్నారు, మూర్ఖుడన్నారు, చాలా అన్నారు. రిపోర్టు సగం రాశాడని మాత్రం ఎవరూ అనలేదు.

"సగమా," అన్నాడు. చెయ్యి చాపి గోడ దగ్గరి కర్రను ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు తెమ్మని ఇంట్లోకి కేకేశాడు.

"రాసుకో బిడ్డా. నడిమిట్ల ఒక్క ప్రాప్. మీద చెక్క పలక, కింద చీల. పొద్దుగాల ఫస్ట్ షిఫ్ట్‌లనే బిగియ్యాలె."

ప్రాప్ అంటే గనిలో కప్పు కింద నిలబెట్టే దుంగ. అధికారి వచ్చేది మరుసటి పొద్దున్నే. రాత్రికి రాత్రి దుంగ ఎక్కడ దొరుకుతుంది? సరిగ్గా ఆ ఎత్తుకు, ఆ లావుకు కాలనీ మొత్తంలో ఒకే ఒక్క నీలగిరి గుంజ ఉంది. అది మా పెరట్లో, మా ఆవిడ బీరపాదు పందిరిని మోస్తోంది. ఆ పాదు జోలికి పోయినందుకు ఒకసారి నాతో మూడు రోజులు మాట్లాడని మనిషి ఆమె. సంగతి వినగానే తనే కొడవలి తెచ్చింది. ఆ క్షణంలో నాకు బీరకాయల కంటే భయంకరమైన నిజం అర్థమైంది. రోజూ నా వెనక స్కూటరెక్కడం ఆమెకు అంత ఇష్టం లేదు.

తెల్లారేసరికి గనిలో దుంగలు బిగించి రిటైరైన టింబర్ మేస్త్రీలు ఇద్దరు, వాళ్లకు సలహాలు చెప్పడానికి నలభై మంది దిగారు. ఒక తీగ, రెండు బీరకాయలు ఇంకా వేలాడుతుండగానే గుంజను షెల్టర్ నడుమ నిలబెట్టారు. పైన పలక పెట్టి, కింద చీల కొట్టారు. ఒక్కో దెబ్బకు గోదావరి మీద కొంగలు లేచాయి. గుంజ రేకును గట్టిగా పట్టేసింది. ఇంజనీరు స్కూటర్ దిగి, తన షెల్టర్ నడుమ మొలిచిన చెట్టును చూసి, మళ్లీ స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

కాక తట్టాడు. ఈసారి రేకు డప్పులా మోగలేదు, పొట్టిగా ఖంగుమంది. నాలుగు మూలలూ తట్టాడు. తుండు తీసి ఇంటూ గుర్తును తుడిచాడు. అంతా అయ్యాక సరిగ్గా గుంజ పక్కన నిలబడి, పైకి చూశాడు.

"రాండ్రి," అన్నాడు.

మూడు లైన్లూ ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. పెద్దపల్లి పోయేవాళ్లు వచ్చారు, దవాఖానకు పోయేవాళ్లు వచ్చారు, ఎక్కడికీ పోనివాళ్లు కూడా సంచీ పట్టుకుని వచ్చారు. నెల రోజులుగా ఆ నల్లరాయి బెంచీ మీద కన్నేసిన అవ్వలు ఎన్నికల కంటే గట్టిగా సీట్లు పట్టుకున్నారు. ఇస్త్రీ బండి ఆయన కూడా వచ్చాడు, చేతిలో ఇస్త్రీ పెట్టెతో.

బస్సు వచ్చింది. అలవాటు ప్రకారం నెమ్మది చేసిన డ్రైవర్, ఏదో జాతరలోకి వచ్చేశానేమో అన్నట్టు టక్కున ఆపాడు. ముందు సీట్లో డిపో అధికారి పుస్తకం, పెన్ను పట్టుకుని ఉన్నాడు. కొంతసేపు తలలు లెక్కపెట్టాడు. ఒక అవ్వ వచ్చి ఆయన్ను పక్కకు జరగమంది. లెక్క అక్కడితో ఆగింది. ఇంకో అవ్వ వచ్చింది, ఆయన లేచి నిలబడ్డాడు. కండక్టర్ ఆధార్ కార్డులు చూస్తూ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు చింపుతుంటే మిషన్ వేడెక్కి పొగలొచ్చాయని నేను చెబుతాను, మా ఆవిడ కాదంటుంది. ఆమె కిటికీ సీట్లో కూర్చుని ఉంది కాబట్టి ఆమె మాటే నమ్మండి.

అధికారి కిటికీలోంచి తల బయటపెట్టి, షెల్టర్ మధ్యలో ఆ గుంజ ఏమిటని అడిగాడు. "మాకాడ గట్లనే ఉంటది సార్," అంది మా కార్పొరేటర్.

ఆయన ఇంకోసారి జనాన్ని చూసి, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "బస్సు ఉంటది మేడం. కని ఇదొక్కటి సాలేటట్టు లేదు, తొమ్మిదింటికి ఇంకోటి చూద్దాం," అన్నాడు.

ఆమె తలూపింది. బస్సు కదిలింది. అప్పుడు తెలిసింది, ఆ బస్సును తెచ్చిన మనిషే కిందుండిపోయిందని. లోపల ఆడవాళ్లంతా బస్సు పక్కల మీద చరిచారు. డ్రైవర్ ఆపాడు. నాలుగు చేతులు బయటికొచ్చి ఆమెను భుజాలు పట్టి లోపలికి లాగేశాయి, ఒక చెప్పు రోడ్డు మీదే మిగిలింది. దాన్ని నేను లోపలికి విసిరాను. ఎవరికి తగిలిందో తెలియదు.

బస్సు మలుపులో కనుమరుగయ్యే ముందు, కిక్కిరిసిన తలల మీదుగా ఆమె చెయ్యి ఒకటి పైకి లేచింది. వేళ్ల మధ్య చిన్న జీరో టికెట్టు. కార్పొరేటర్‌గా గెలిచిన పత్రం తీసుకున్న రోజున కూడా ఆమె దాన్ని అంత పైకి ఎత్తలేదు.