బాబాయి మరపడవ

మొన్న కార్తీకమాసంలో బాపట్ల చుట్టాలతో కలిసి సూర్యలంక వెళ్లాను. పిల్లలూ పెద్దలూ అందరూ నీళ్లలోకి దిగితే, నేను చెప్పులకీ సంచులకీ కాపలాగా సరుగుడు చెట్ల నీడన కూర్చున్నాను. కాస్త అవతల, జనాన్ని షికారు తిప్పే మరపడవని రెండు చక్రాల ట్రైలరు మీదకి ఎక్కించి, ఒకతను ఇసకలో చతికిలబడి దాని చక్రం విప్పి, బేరింగుని కిరసనాయిల్లో కడిగి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని అందులోకి కూరుతున్నాడు. గ్రీజూ కిరసనాయిలూ తుప్పూ కలిసిన ఆ వాసన ఉప్పుగాలితో పాటు వచ్చి నాకు తగిలింది. అది మా శేషగిరి బాబాయి చేతుల వాసన. ఆ మాట చెబితే అర్థమయ్యేవాళ్లు ఆ గుంపులో ఒక్కరూ లేరు.

మాది తెనాలి పక్కన నందివెలుగు. నేను చెప్పేది అరవైల చివరి మాట. వేసవి వస్తే పెరట్లో నులకమంచాల మీద మాగాయ ముక్కలు ఆరుతుండేవి, పొలం నుంచి తాటిముంజెలు గెలలు గెలలుగా వచ్చేవి. వానలు పడి ఊడ్పులు మొదలయ్యాక ఇంటికి వచ్చిన ప్రతి మనిషి కాళ్లకీ చేలో బురదే, ప్రతి గదిలోనూ తడిసిన గోనెసంచుల వాసనే. నాయనమ్మ మజ్జిగ చిలుకుతూ చిలుకుతూ పనివాళ్లకి పనులు పురమాయించేది, మధ్యలో మమ్మల్ని పిలిచి చేతిలో వెన్న పెట్టేది. నాన్న మాటకారి. ఆయన తమ్ముడు శేషగిరి బాబాయి మాత్రం ఏదో ఒకటి విప్పి మళ్లీ బిగిస్తూ, పాడైపోయిన ఆయిలింజన్ల పక్కన పొద్దు గడిపే మనిషి.

బాబాయి భార్య వరలక్ష్మి పిన్ని. అందరూ వరం అనేవారు. ఆవిడ పుట్టిల్లు కృష్ణకి అవతల, దివిసీమలో ఒక చిన్న ఊరు. మాకూ ఆవిడకీ వయసులో పెద్ద తేడా లేనట్టే ఉండేది. తొక్కుడుబిళ్ల ఆడుతుంటే కుచ్చిళ్లు ఎగదోపుకుని తనూ గెంతేది, నాయనమ్మ గొంతు వినపడగానే చెంగు సర్దుకుని వంటింట్లోకి పరిగెత్తేది. అట్లతద్దికి గోరింటాకు రుబ్బి, ఇంట్లో ఆడపిల్లలందరి చేతులకీ ఓపిగ్గా పెట్టి, మర్నాడు చీకటితోనే లేపి గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ వేసి అన్నం కలిపి తినిపించి, మమ్మల్ని ఉయ్యాల ఎక్కించి తాటిచెట్ల ఎత్తుకి ఊపేది.

తొలికాన్పుకి పిన్ని పుట్టింటికి వెళ్లింది. ఎండాకాలం. నొప్పులు వచ్చాక బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని మంత్రసాని చెబితే, రేపల్లె తీసుకువెళదామని వాళ్లవాళ్లు తెరచాప పడవలో పడుకోబెట్టుకుని బయలుదేరారు. ముందే కబురు అందుకున్న బాబాయి ఇవతల పెనుమూడి రేవులో నిలబడి ఎదురుచూస్తున్నాడు. అక్కడికి సముద్రం దగ్గర. పోటుకి ఏట్లో నీళ్లు ఎక్కుతాయి, పాటుకి తీసేస్తాయి. పడవ సగం దాటాక పాటు మొదలైంది, గాలి కూడా పడిపోయింది, పడవ వచ్చి ఇసకమేట మీద కూర్చుంది. బాబాయి దిగి నడిచి వెళ్లబోతే నడుము దాకా ఒండ్రులో దిగబడ్డాడు, జనం తాడేసి వెనక్కి లాగారు. మళ్లీ పోటు వచ్చి పడవ తేలేసరికి పిన్నీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

"పడవ కనపడతానే ఉంది వదినా," అని బాబాయి మా అమ్మతో అనేవాడు. "వాళ్లమ్మ విసురుతున్న విసనకర్ర కూడా కనపడతానే ఉంది."

ఆ ఏడు మా ఇంట్లో దీపావళికి దీపాలు పెట్టలేదు, పిల్లలం అడగలేదు కూడా.

మరుసటి వేసవికి బాబాయి బాపట్ల సముద్రపొడ్డు నుంచి పోలయ్య అనే పడవలు కట్టే పెద్దాయన్నీ, ఆయన భార్య అంకమ్మనీ తీసుకొచ్చి దొడ్లో పాక వేయించాడు. ఏటికి అంత దూరాన, వరిచేల మధ్య, మా గడ్డివాము పక్కన పడవ కట్టడం మొదలైంది. చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వచ్చేవారు. పోలయ్య టేకు పలకల్ని ఆవిరిలో వంచి బిగించేవాడు, సందుల్లో జనుము దట్టించి కాచిన గుగ్గిలం పోసేవాడు. అంకమ్మ చింతచిగురూ ఎండురొయ్యలూ వేసి వండిన కూర వాసన, గుగ్గిలం వాసన, చిత్రికపట్టిన చెక్కపొట్టు వాసన కలిసి దొడ్డంతా కమ్మేసేవి. పొలానికి నీళ్లు తోడే ఆయిలింజనుని బాబాయి ఊడదీసి పడవకి సరిపడేలా మార్చాడు, నీళ్లని కోసే ఇత్తడి పంకాని తెనాలిలో పోత పోయించాడు.

"ఏంట్రా శేషూ ఇదంతా," అంది నాయనమ్మ ఒకరోజు, పడవ పక్కన నిలబడి. "ఇంకో పిల్లని చేసుకుని కాపరం చేసుకోరా నాయనా."

"గాలి లేకపోయినా నడిచే పడవ ఒకటి ఉంటే చాలమ్మా. ఆ రోజు అది ఉండుంటే వరం బతికేది," అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

కానీ పడవ ఒక్కటే చాలదని ఆయనకి తెలుసు. పాటు వేళ రేవులో ఇంజను పడవైనా కదలదు. కాస్త దిగువన, అవతలి ఒడ్డు దాకా ఎప్పుడూ లోతు తగ్గని మడుగులున్నాయి గానీ, ఇసకమేటలతో పాటు అవీ చోటు మారుతుంటాయి. పడవ చక్రాల మీద ఉంటే కరకట్ట మీదుగా నీళ్లున్న చోటికి లాక్కెళ్లి దించవచ్చు. అందుకని తెనాలి పాత ఇనప సామాన్ల కొట్లో, ఎప్పుడో మిలటరీవాళ్లు వదిలేసిన జీపు ట్రైలరు ఒకటి పట్టుకొచ్చాడు. అది వచ్చిన రోజు దాని చక్రాలు తిరగలేదు, నలుగురు దాన్ని దొడ్లోకి ఈడ్చుకొచ్చారు. అడుగు రేకంతా తినేసి ఉంది, లోపల తొండలు కాపరం పెట్టాయి.

ఆ ట్రైలరు మళ్లీ బండి కావడానికి వానాకాలం అంతా పట్టింది. బాబాయి మరలన్నిటికీ కిరసనాయిలు పోసి నానబెట్టేవాడు, మర్నాడు సుత్తితో చిన్నగా తట్టి చూసేవాడు, కదలకపోతే మళ్లీ పోసేవాడు. కుదుపు ఆపే కమాను పట్టీలు ఒక్కొక్కటీ విడదీసి తుప్పు గీకాడు, విరిగినవాటిని కొలిమిలో కొత్తవి చేయించాడు. ఇరుసుకి బేరింగులు మార్చాడు, పాత రేకు తీసేసి పొడుగాటి ఇనప కమ్మీలు అతికించాడు, ఎర్రరంగు రెండుసార్లు వేశాడు. అన్నానికి పిలిస్తే చేతులు కడుక్కుని వచ్చేవాడు గానీ ఆ వాసన పోయేది కాదు, ముద్ద కలుపుతున్నా తెలిసేది. పడవ అడుగు వంపుకి సరిపోయేలా పోలయ్య రెండు దుంగలు చెక్కి ట్రైలరుకి బిగిస్తే, వాటి మీద పడవ గీసుకుపోకుండా బియ్యం మిల్లు పాత రబ్బరు బెల్టు పరిచారు.

పడవని మొదటిసారి దాని మీద కూర్చోబెట్టిన రోజు వీధి వీధంతా మా దొడ్లోనే ఉంది. మోకులేసి, వెదుళ్లు పెట్టి, అందరూ ఒక ఊపున ఎత్తి పెట్టారు. ఇంజను బరువంతా వెనకనే ఉండటంతో ట్రైలరు వెనక్కి ఒరిగి ముందు కడ్డీ పైకి లేచింది, దాన్ని పట్టుకున్న మా నాన్న గాల్లో వేలాడాడు. పిల్లలం పడీపడీ నవ్వాం. బాబాయి కూడా నవ్వాడు. పిన్ని పోయాక ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ఇరుసుని వెనక్కి జరిపి, మళ్లీ అతికించి, మళ్లీ ఎక్కిస్తే పడవ అటూ ఇటూ చలించకుండా కూర్చుంది.

ఊళ్లో ట్రాక్టరు కట్టుకుని, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాటించి పెనుమూడి చేర్చారు. బాబాయి రేవు దగ్గరే పాక వేసుకుని ఉండిపోయాడు, పోలయ్య దంపతులూ ఆయనతోనే ఉన్నారు, లాగడానికి ఒక పాత ట్రాక్టరు కూడా కొన్నాడు. మరుసటి వానాకాలంలో పాము కరిచిన ఒక రైతుని అవతల నుంచి తెచ్చారు, అతను బతికాడు. ఆ కబురు మా ఊరికి తెలిసినప్పుడు నాయనమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

ఆపై ఎండాకాలం సెలవులకి నేనూ నాయనమ్మా అక్కడికి వెళ్లాం. ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి ఎర్రగుడ్డ ఊపారు. మనిషి ప్రాణం మీదకి వస్తే అలా ఊపమని బాబాయి అవతలి ఊళ్లన్నిటికీ చెప్పి ఉంచాడు. అప్పుడు పాటు, రేవంతా బురద. బాబాయీ పోలయ్యా ట్రాక్టరుకి ట్రైలరు తగిలించి కరకట్ట మీద దిగువకి తీసుకెళ్లారు, తాటిదుంగలు పరిచి వెనక్కి నడిపి మడుగులో పడవ దించారు. అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది. ఇంజను ఒక్కసారికే అందుకుంది. ఎదురుచూసి కళ్లు కాయలు కాయకముందే పడవ తిరిగొచ్చింది.

పడవలో సామ్రాజ్యం అని ఒక కూలి మనిషి, పక్కన ఆమె మొగుడు కోటయ్య. కాన్పు కష్టమైంది. నేను గట్టు మీదే ఉన్నాను. బాబాయి ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని దించుతుంటే, ఆమె ఆయన చొక్కా పట్టుకుని అడిగింది.

"అన్నా, బతుకుతానా?"

"బతుకుతావమ్మా. ఒడ్డుకొచ్చేశాం," అన్నాడు బాబాయి.

ఆయన ముఖంలో అప్పుడున్న వెలుగు నాకింకా గుర్తుంది.

రేపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ చేయగలిగింది చేసింది. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చేయాలి, రక్తం ఎక్కించాలి, గుంటూరు తీసుకెళ్లండి అంది. బాబాయి కిరాయి కారు మాట్లాడాడు, నాయనమ్మ తోడు వెళ్లింది. కారు భట్టిప్రోలు దాటకముందే నాయనమ్మ ఒళ్లో సామ్రాజ్యం ప్రాణం పోయింది.

బాబాయి తిరిగి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, తన భార్య సంగతి చెప్పి, అప్పుడు ఆమె వేళకి ఒడ్డు చేరి ఉంటే ఏమయ్యేదని అడిగాడట. "అడ్డం తిరిగిన కాన్పుకి ఇక్కడ అప్పుడూ ఏమీ లేదండి, ఇప్పుడూ లేదండి," అందట ఆమె, మెల్లిగా.

మర్నాడు కోటయ్య వచ్చి బాబాయి కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. "మీరు చేయాల్సిందంతా చేశారండి," అన్నాడు. బాబాయి అతని భుజాలు పట్టుకుని ఆపాడు. అతను వెళ్లాక ట్రైలరు కడ్డీ మీద కూర్చుని నాయనమ్మతో అన్నాడు.

"వరం ఒడ్డుకొచ్చినా బతికేది కాదే అమ్మా."

ఇన్నాళ్లూ ఆయన్ని నిలబెట్టింది ఒకే ఒక్క మాట, పడవ ఉండుంటే వరం బతికేదన్నది. సామాను సర్దమని బాబాయి చెబితే పోలయ్య బతిమాలాడు.

"పాము కరిచినోడు బతికాడు గదండీ. ఇంకా ఎంతమందో ఉంటారు."

"వాళ్ల కోసం కట్టలేదు పోలయ్యా," అన్నాడు బాబాయి.

పడవ ట్రైలరు మీదే మా దొడ్లోకి తిరిగొచ్చింది. బాబాయి మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. పొలం వెళ్లేవాడు, వచ్చేవాడు, పెట్టింది తినేవాడు. వానలకి పడవలో నీళ్లు నిలిచాయి, కోళ్లు గుడ్లు పెట్టాయి, టైర్లు మట్టిలో దిగబడ్డాయి. కొన్నేళ్లకి పాత ఇనప సామాన్లవాడు వచ్చి ట్రైలరుని ముక్కలు కోసి పట్టుకెళ్లాడు. డెబ్బైల చివర్లో నా పెళ్లి వంటలకి పుల్లలు చాలకపోతే, బాబాయే గొడ్డలి తెచ్చి పడవ పలకలు కొట్టి గాడిపొయ్యిలో పెట్టాడు. నూనె పట్టిన టేకు భగ్గున మండింది. వంటవాళ్లు మంచి కట్టెలు అన్నారు.

ఇప్పుడు పెనుమూడి దగ్గర వంతెన ఉంది. దాని మీదుగా వెళ్లే బస్సులో సగం మంది నిద్రపోతుంటారు, మిగిలినవాళ్లు ఫోన్లు చూసుకుంటుంటారు. వంతెన రాకముందే బాబాయి పోయాడు. పోలయ్యా అంకమ్మా ఎప్పుడు పోయారో మాకు కబురే తెలియలేదు. మా దొడ్డి అమ్మేశాం, అందులో ఇళ్లు లేచాయి. పిన్నిది ఒక్క ఫోటో కూడా లేదు, ఆ రోజుల్లో ఎవరూ తీయించలేదు. ఆవిణ్ణి చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఈమధ్య నాకూ ఆ మొహం సరిగా గుర్తు రావడం లేదు.