నిత్యానందం గారి చిప్ప

కొల్లేరు చేపల్ని ఐసులో పెట్టుకుని హౌరా దాకా లారీ తోలిన మనిషి నిత్యానందం గారు. వట్లూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటారు. చూపు మందగించాక స్టీరింగు వదిలేశారు గానీ గొంతు తగ్గించలేదు. కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరి ఇంటివాళ్లకు కూడా తెలిసిపోయేది. టీ అయితే గ్లాసు అంచుదాకా ఉండాలి, పొగలు కక్కాలి, నిలబడే తాగాలి.

పోయిన వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కాళ్లు బాగానే కుదురుకున్నాయి గానీ కుడిచెయ్యి వణుకుతోంది, మూతి వంకరపోయింది. గ్లాసెత్తితే సగం టీ చొక్కాకే. భార్య లిడియా గారు చెంచాతో పట్టబోతే మొహం తిప్పేసుకునేవారు.

కోడలు స్నేహలత కాలేజీలో పనిచేస్తుంది. రెండేళ్ల కూతురు ఏంజెల్ నీళ్లు తాగే కప్పులో గోరువెచ్చటి టీ పోసి మావగారికి తెచ్చిందామె. దానికో మూత, మూతకో చిన్న ముక్కు, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు, ముందు పసుపుపచ్చ బాతు బొమ్మ.

"ఏంటిది?" అన్నారాయన.

"సిప్పర్ అండీ మావయ్యగారూ. ఒలకదు."

"స్లిప్పరా? చెప్పుతో టీ తాగమంటావా?"

"స్లిప్పర్ కాదండీ, సిప్పర్. కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగేదన్నమాట. పసిపిల్లలకి..."

ఆ ఆఖరి మాట మింగేసి ఉంటే బాగుండేది. లిడియా గారు సర్దబోయి ఇంకా చెడగొట్టారు.

"మన చిన్నప్పుడు ఉగ్గుగిన్నె అనేవాళ్లం కదండీ, అలాంటిదేనండీ."

"ఉగ్గా! ఈ వయసులో నాకు ఉగ్గు పోస్తావుటే?"

కోడలు చెప్పిన ఆ ఇంగ్లీషు పేరునే వెక్కిరిద్దామని నోరు తెరిచారు. వంకర మూతిలోంచి 'సిప్పర్' సగమే బయటపడింది. "చిప్ప" అని వచ్చింది. తన నోట వచ్చిన మాట తనకే వింతగా అనిపించింది.

"బాగుంది. ఇన్నేళ్లు లారీ తోలి మిమ్మల్ని మేపితే, చివరికి నాకు చిప్ప చేతికిచ్చారు."

స్నేహలత నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

మర్నాడు బాజీ చూడ్డానికొచ్చాడు. ఒకప్పుడు ఆయన లారీకి క్లీనరు, ఇప్పుడు ఏలూరులో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. శిష్యుడి కంట పడకూడదని నిత్యానందం గారు కప్పును దుప్పటి కింద దాచారు. అది దొర్లి బయటికొచ్చింది. బాజీ నవ్వలేదు. చేతిలోకి తీసుకుని తలకిందులు చేశాడు, గట్టిగా ఊపాడు. చుక్క రాలలేదు.

"గురూగారూ! ఒడిశా గుంతల్లో ఇదుంటే మన చొక్కాలు ఎన్ని మిగిలేవండీ!"

"నిజంగా ఒలకదంటావా?"

"సడన్ బ్రేకు కొట్టినా ఒలకదండీ."

ఆయన కప్పు లాక్కుని తాగారు. చొక్కా తడుముకుని చూసుకున్నారు. పొడిగానే ఉంది.

"ఇది పిల్లల కోసం చేసింది కాదురా. ఎవడో హౌరా రూటు వాళ్ల కోసమే చేసుంటాడు. పిల్లలు లాగేసుకున్నారు."

ఆ సాయంత్రం ఏంజెల్ తన కప్పు కోసం తాత మంచమెక్కింది. తాత ఇవ్వనన్నారు. చెరో పిడి పట్టుకుని లాక్కున్నారు. స్నేహలత బజారుకెళ్లి ఇంకోటి తెచ్చాకే ఇల్లు చల్లబడింది. కొట్లో ఆ రోజు అన్నీ బాతులే ఉన్నాయట.

ఇంటి గొడవ అలా తీరింది. మిగిలింది చర్చి.

జబ్బు చేసినప్పటి నుంచి ఆయన, చర్చిలో నెలనెలా రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభురాత్రి భోజనానికి రావడం మానేశారు. అందరి ముందూ ద్రాక్షారసం చొక్కా మీద కారుతుందని భయం. పైకి మాత్రం మోకాళ్ల నొప్పులనేవారు. అలాంటిది ఆ నెల తెల్లచొక్కా వేసుకుని, చిప్పను బాహాటంగా చేత్తో పట్టుకుని వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

పాస్టరు ఆనంద్ పాల్ గారు ఆయన ముందుకొచ్చి, చాపిన బాతును చూసి ఆగిపోయారు. వెనకనుంచి ఒక సంఘపెద్ద అందుకున్నారు.

"ప్రభువు బల్ల దగ్గర బాతు బొమ్మలేంటండీ?"

"నోవహు ఓడలో బాతులెక్కలేదేంటండీ?" అన్నారు నిత్యానందం గారు. మాట ముద్దగా ఉన్నా, బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్లక్కూడా వినపడింది.

పాస్టరు గారు తల వంచుకున్నారు. ప్రార్థన అనుకున్నాం గానీ భుజాలు కదులుతున్నాయి. తేరుకుని, మూత తీసి, ద్రాక్షారసం అందులో పోశారు. నిత్యానందం గారు చప్పరించిన చప్పుడు గుడంతా వినిపించింది. చుక్క కారలేదు. లిడియా గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. అంతలో ఏంజెల్ బెంచీ మీద లేచి నిలబడి "అది నాదీ!" అని అరిచింది. ఇక సంఘపెద్ద కూడా నవ్వక తప్పలేదు.

ఆ తర్వాత మా వీధిలో సిప్పర్ అన్నవాళ్లు లేరు, అందరికీ చిప్పే. ప్లేస్కూల్లో దాహమేసి ఏంజెల్ "నా చిప్ప ఇవ్వండి" అందట. టీచరు కంగారుపడి స్నేహలతకు ఫోన్ చేసి, ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయాండీ అని మెల్లగా అడిగిందట.

ఇప్పుడాయనకు చాలా నయం. వణుకు తగ్గి కుడిచేత్తోనే గ్లాసు పట్టగలరు, కానీ పట్టరు. మొన్న బాజీ కారులో కొల్లేరు గట్టు మీదికి తీసుకెళ్లాడు. చేపల ట్రేలు లారీకెక్కిస్తున్న చోట ఆపించి, దిగి, ఐసు తక్కువేశావని డ్రైవరును కేకలేశారట. మీరెవరండీ అన్నాడట అతను. నిత్యానందం గారు చిప్పలోంచి ఒక గుక్క టీ చప్పరించి, ఇంకో రెండు గంపల ఐసు పడేదాకా అక్కణ్నుంచి కదల్లేదట.