పెద్దక్క జుట్టు ఎంత కత్తిరించాలి

ఆ వీధి మలుపులో ఉన్న లేడీస్ పార్లర్‌ను ఇద్దరు తోడికోడళ్ళు నడుపుతారు. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంట్లో మసలుతున్నది చాలదన్నట్టు, పగలంతా కూడా ఒకే గదిలో, అదీ చేతుల్లో కత్తెరలు పట్టుకుని, ఇన్నేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారంటే వాళ్ళ ఓర్పును మెచ్చుకోవలసిందే. వచ్చేపోయేవాళ్ళు అక్కాచెల్లెళ్ళే అనుకుంటారు. పెద్దావిడ అందరికీ పెద్దక్క, రెండో ఆవిడ చిన్నక్క. పని నేర్పింది పెద్దక్క, నేర్చుకున్నది చిన్నక్క. పార్లర్‌లో పెద్దక్క మాటే చట్టం. ఇంట్లో ఆ చట్టం అంతగా చెల్లదు కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగానే అమలు చేసేది.

ఈ మధ్య పార్లర్‌లో సామాను మాయమవుతోంది. మొదట ఒక డ్రయ్యర్ పోయింది, తర్వాత మంచి దువ్వెనల సెట్టు. పెద్దక్క విసిగిపోయి గది మూలన, పైకప్పు దగ్గర ఒక కెమెరా పెట్టించింది. కౌంటర్ మీద దానికో చిన్న తెర. వారం తర్వాత ఒక సాయంత్రం షట్టర్ సగం దించి, అన్నాళ్ళూ రికార్డయినదంతా చూడడానికి ఇద్దరూ కూర్చున్నారు.

తెర మీద మొదటి కుర్చీలో ఒకావిడ ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని తల వంచుకుని ఉంది. వెనక చిన్నక్క నిలబడి రంగు వేస్తోంది. పైనుంచి చూస్తుంటే ఆవిడ నడినెత్తి మీద ఏమీ దాగడం లేదు. పాపిడి బొటనవేలంత వెడల్పయి, అక్కణ్ణుంచి రెండు పక్కలకీ పాకిపోయింది.

"పాపం, ఎవరే ఈవిడ?" అంది పెద్దక్క. "మాడంతా కనబడిపోతోంది. ఇంకొన్నాళ్ళు పోతే మనం రంగు వేయాల్సింది జుట్టుకి కాదు, నెత్తికే."

చిన్నక్క కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"మనకి అంత పొద్దున్నే ఎవరొచ్చారు? నేనెక్కడికి వెళ్ళాను అప్పుడు?"

చిన్నక్కకి ఉన్నట్టుండి కౌంటర్ మీద దుమ్ము కనబడింది, గుడ్డ తెచ్చుకుని తుడవడం మొదలుపెట్టింది. ఈలోగా తెర మీది మనిషి తల పైకెత్తి, నోరంతా తెరిచి ఆవలించింది. ఆ నోరు పెద్దక్కదే.

పెద్దక్క దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. మళ్ళీ అదే నెత్తి, అదే ఆవలింత. జడ పలచబడిందని ఆవిడకి తెలియకపోలేదు. రబ్బరు బ్యాండు రెండు చుట్లకు బదులు నాలుగు చుట్లు తిప్పాల్సి వస్తున్నప్పుడే తెలిసింది. కానీ ఎవరి మాడు వాళ్ళకి కనబడదు కదా. ఊళ్ళో అందరి తలలూ చూసే మనిషి తన తల సంగతి తెరమీద, దొంగల కోసం పెట్టించిన కెమెరాలో తెలుసుకుంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"కొన్నాళ్ళుగా."

"కొన్నాళ్ళంటే?"

"కొన్నేళ్ళుగా," అంది చిన్నక్క, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ.

నెలనెలా తన జుట్టుకు రంగు వేసి, చివర్లు కత్తిరించి, పాపిడి తీసి, "బాగుందక్కా" అన్న మనిషి. ఇంట్లో గిన్నె జారిపడితే ఊరంతా చెప్పుకొచ్చే మనిషి ఈ ఒక్క సంగతి కడుపులో దాచుకుంది. పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి నడిచేటప్పుడు ఇద్దరూ వీధికి చెరో పక్కన నడిచారు.

పెద్దక్క భర్త పంపులు, మోటార్లు బాగుచేస్తాడు. మనిషి ఆవిడ కన్నా జానెడు ఎత్తు. ఆయన గిన్నెలు కడుగుతున్న పెళ్ళాం వెనక నుంచి వచ్చి, ఆవిడ తల మీదుగా అలమరలో గ్లాసు తీసుకుంటాడు. రోజూ అలాగే తీసుకుంటాడు. ఆ రాత్రి కూడా తీసుకున్నాడు.

"ఏవండీ, నా జుట్టు ఇలా అయిందని మీకు తెలుసా?"

"ఎలా అయింది?"

"పైనుంచి చూస్తారుగా, మీకు కనబడదా?"

ఆయన గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. ఏ జవాబు చెప్పినా తప్పే అయ్యే ప్రశ్న అని ఆయనకి అర్థమైంది. "నువ్వెప్పుడూ అడగలేదు కదా," అన్నాడు. అది అన్నిట్లోకీ పెద్ద తప్పు.

తెల్లారేసరికి పెద్దక్క ఒక నిర్ణయానికి వచ్చింది. కత్తిరించేయాలి. ఈ విషయంలో ఆవిడకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పలచటి జుట్టు పొడుగ్గా ఉంటే బరువుకి కిందికి లాగి, నెత్తికి అంటుకుపోయి, లేని లోపం కూడా చూపిస్తుంది. పొట్టిగా ఉంటే కాస్త లేచి నిలబడుతుంది. ఎంతమందికి ఈ మాట చెప్పి కుర్చీలో కూర్చోబెట్టిందో లెక్కలేదు. అయితే ఎంత పొట్టిగా? అసలు చిక్కంతా అక్కడుంది. భుజాల దాకా ఉంచితే పాపిడి ఎక్కడికీ పోదు. గడ్డం దాకా ఉంచితే చివర్లు విచ్చుకుంటాయి, పైన మాత్రం చప్పగా అతుక్కుని ఉంటుంది. మరీ పొట్టిగా తీసేస్తే మాడుకి అడ్డం వేసేందుకు నాలుగు వెంట్రుకలు కూడా మిగలవు. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందన్నారు గానీ, లేనమ్మ ఏం పెట్టాలో ఆ అన్నవాళ్ళు చెప్పి పోలేదు.

అడుగుదామంటే అందరిదీ ఒకటే మాట. భర్తను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఫోన్‌లో తల్లిని అడిగితే "నీ ఇష్టమమ్మా, ఆలోచించుకుని చేయి" అంది. కాలేజీకి పోయే కూతురు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "నీ ఇష్టం మమ్మీ" అంది. పెద్దక్కకి ఆ మాట వింటేనే కంపరం పుట్టుకొచ్చింది. కిటికీలకు ఏ రంగు పరదాలు వేయాలో, ఫ్రిజ్ ఏ గోడకు పెట్టాలో, బంధువుల్లో ఎవరితో మాట్లాడాలో ఎవరితో మానేయాలో అన్నిటికీ తలా ఒక సలహా చెప్పిన కుటుంబం. అడగని వాటన్నిటికీ నోళ్ళున్నాయి. అడిగిన ఒక్కదానికి మాత్రం ఎవరికీ నోరు పెగలడం లేదు.

పార్లర్‌లో నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకు పని నేర్పడానికి వాడే బొమ్మ తల ఒకటుంది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెద్దక్క దాని నడినెత్తి మీద వెంట్రుకలు పీకి, తన తలలాగే చేసి, భుజాల దాకా కత్తిరించి చూసింది. తర్వాత గడ్డం దాకా, తర్వాత చెవుల దాకా. చివరికి దువ్వెన పెట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. బొమ్మ మాత్రం ముందెలా నవ్విందో అలాగే నవ్వుతోంది. దాన్ని పట్టుకెళ్ళి స్టోర్‌లో గోడకేసి తిప్పి పెట్టింది.

"అది కొత్తది అక్కా," అంది చిన్నక్క గుమ్మంలో నిలబడి.

"తెలుసు," అంది పెద్దక్క.

ఆ తర్వాత రోజుల్లో ఇద్దరి మధ్యా పని మాటలే. షాంపూ అయిపోయింది, కరెంటు బిల్లు వచ్చింది, రెండో కుర్చీ మీట బిగుసుకుంది. పెద్దక్కకి కావలసింది ఒక్కటే. ఒక మనిషి, ఒక్క మనిషి, తన తలకేసి తిన్నగా చూసి ఇంత ఉంచు, ఇంత తీసేయి అని చెప్పాలి. చెప్పాక ఏడవాలో మానాలో తను చూసుకుంటుంది. ఇంటా బయటా అంతమంది ఉండి, ఆ మాత్రం చెప్పే దిక్కు లేదే అని ఆవిడకి ఉక్రోషం ముంచుకొచ్చేది.

అందుకే ఒక సెలవు రోజున, ఎవరికీ చెప్పకుండా, బస్సెక్కి ఊరికి ఆ చివరనున్న వేరే పార్లర్‌కి వెళ్ళింది. తనెవరో తెలియనివాళ్ళయితే మొహమాటం ఉండదని ఆశ. అక్కడ ఒక పిల్ల, పట్టుమని పాతికేళ్ళు ఉండవు, జడ విప్పి వేళ్ళతో దువ్వింది. ఆ వేళ్ళు నడినెత్తి దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

"మీ హెయిర్ చాలా సాఫ్ట్‌గా ఉంది ఆంటీ," అంది పిల్ల.

ఈ వృత్తిలో 'సాఫ్ట్' అంటే ఏమిటో పెద్దక్కకి తెలుసు. పొగడడానికి ఇంకేమీ దొరకనప్పుడు వాడే మాట అది. తనూ వాడుతుంది.

"ఎంత పొట్టిగా చేయిస్తే బాగుంటుంది?"

"మీకు ఏదైనా బాగుంటుంది ఆంటీ. చివర్లు కొంచెం ట్రిమ్ చేద్దాం, చాలు."

చేసింది. చేశాక చేతి అద్దం తెచ్చి వెనక పట్టుకుంది. అద్దం మెడ దగ్గర ఆగింది.

"ఇంకొంచెం పైకెత్తమ్మా."

పిల్ల అద్దాన్ని ఎడమ పక్కకి జరిపింది.

"పక్కకి కాదు, పైకి."

పిల్ల కుడి పక్కకి జరిపింది. ఆ చేతికి పైకి వెళ్ళే దారే తెలియనట్టుంది. పెద్దక్క అర అంగుళం జుట్టు పోగొట్టుకుని, ఉన్న చిరాకుకి ఇంకాస్త కలుపుకుని, నిలబడడానికి కూడా చోటు లేని బస్సులో ఇంటికొచ్చింది.

మర్నాడు పార్లర్ తెరిచీ తెరవకముందే అందుకుంది.

"నీకు నా మీద ఏం కక్షే? పరాయి పిల్లంటే మొహమాటపడింది, సరే. నువ్వు నా పక్కన తింటావు, నా పక్కన పని చేస్తావు. ఇన్నేళ్ళుగా నా తల నీ చేతుల్లో పెట్టాను. ఒక్క మాట చెప్పడానికి నీ నోట్లో ఏం పడింది?"

చిన్నక్క తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి ఆ తువ్వాలును ఠపీమని బల్ల మీద వేసింది.

"నువ్వే నేర్పావు కదక్కా. నేను పనిలో చేరిన కొత్తలో ఒకావిడకి అద్దం నెత్తి దాకా ఎత్తి చూపించానని, ఆవిడ వెళ్ళాక నన్ను ఎన్ని తిట్లు తిట్టావో గుర్తుందా? జుట్టు పోయినవాళ్ళు మన దగ్గరికి జుట్టు చూసుకోవడానికి రారు, బాగుందనిపించుకోవడానికి వస్తారన్నావు. అద్దం మెడ దాటకూడదన్నావు. అడిగినా చెప్పొద్దన్నావు."

"అది కస్టమర్ల సంగతి. నేను నీకు కస్టమర్‌నా?"

"కుర్చీలో కూర్చున్నాక అందరూ ఒకటే అని కూడా నువ్వే అన్నావు."

అన్నది. అన్నానని పెద్దక్కకి బాగా గుర్తుంది. ఆ రోజు ఆ మాట అనేసి, అబ్బ ఎంత బాగా చెప్పాను అని కూడా అనుకుంది. ఇప్పుడు ఎవరి మీద మండిపడాలో ఆవిడకి తెలియలేదు. తిట్టడానికి ఎవరో ఒకరు ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. వాళ్ళు కూడా లేకపోయేసరికి బాధ మొత్తం వచ్చి తన మీదే కూర్చుంది.

చివరికి వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుని ఆకుపచ్చ గుడ్డ తనే మెడకు కట్టుకుంది.

"ఎంత తీయాలో చెప్పు," అంది. "నీ ఇష్టం అన్నావంటే ఈ షాపులోకి మళ్ళీ అడుగు పెట్టను."

చిన్నక్క వెనక నిలబడి జడ విప్పింది. తల మొత్తం నాలుగు వైపులా దువ్వింది. తొందరపడలేదు.

"చెవుల పైకి," అంది. "వెనక మెడంతా కనబడాలి. పైన రెండు వేళ్ళ మందం ఉంటే చాలు. అంతకన్నా ఉంచితే దాచుకుంటున్నట్టే ఉంటుంది."

పెద్దక్క చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. "చెవుల కిందకి ఉంచకూడదా?"

"ఉంచకూడదు."

"కొంచెం?"

"అడిగావు, చెప్పాను కదక్కా."

"సరే, కానివ్వు."

కత్తెర మొదలైంది. నడుము దాకా ఉన్న జుట్టు ఒడిలో పడుతుంటే పెద్దక్క ఆకుపచ్చ గుడ్డ కింద పిడికిళ్ళు బిగించింది. అద్దంలో తన మొహం చూసుకోకూడదనుకుంటూనే చూసుకుంది. చాలాసేపటికి కత్తెర ఆగింది. చిన్నక్క మెడ మీది ముక్కలు దులిపి, చేతి అద్దం తీసి, ఈసారి నడినెత్తి దాకా ఎత్తి పట్టుకుంది. తెల్లటి మాడు అక్కడే ఉంది. చుట్టూ జుట్టు చెవుల మీదుగా వేలాడుతూ, అటూ ఇటూ కాకుండా ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది పెద్దక్క.

"బాగాలేదక్కా."

నిజం చెప్పమని ఇన్నాళ్ళూ అందరి ప్రాణాలూ తోడేసిన మనిషికి ఆ నిజం వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక అబద్ధం ఆడితే దీని సొమ్మేం పోయింది అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే మళ్ళీ కోపం వచ్చింది.

"ఎందుకు బాగాలేదు?"

"పొడుగు ఎక్కువుంది. నేను చెప్పినదాంట్లో సగమే తీశాను." అంది చిన్నక్క. "అద్దంలో నీ మొహం చూస్తే నా చెయ్యి ఆడలేదు."

పెద్దక్క ముక్కు ఎగబీల్చి, కుర్చీలో సర్దుకుని, వీపు నిటారుగా పెట్టుకుంది.

"నా మొహం చూసింది చాలు," అంది. "తల చూడు."

చిన్నక్క కాలితో మీట నొక్కి కుర్చీని అద్దం వైపు నుంచి గోడ వైపుకి తిప్పింది. దువ్వెన నెత్తి మీద ఆనించి, దానికి తగిలేంత దగ్గరగా కత్తెర పెట్టింది. పెద్దక్క భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"కదలకక్కా," అంది చిన్నక్క, చెయ్యి ఆపకుండా.