అడగని ఆదివారాలు

చేపలు పడుతూ కూర్చుంటే మనసుకు ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 2022 చలికాలంలో తొమ్మిది ఆదివారాలు నేను దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమా ఖోర్‌లో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాను. ఖోర్ అంటే సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ. ఆ తొమ్మిది వారాల్లో ఒక్క చేప ముక్క నా నోట్లోకి పోలేదు. ప్రశాంతత సంగతి సరేసరి.

నేను నిలబడింది మామ కోసం. మామ అంటే చుట్టరికం కాదు. మా పక్క మండలం మనిషి, లేబర్ క్యాంపులో నా కింది మంచం ఆయనది, నన్ను అల్లుడా అని పిలిచేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మా క్వారీలో రాయిని కంకరగా కొట్టే క్రషర్ దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. పొద్దున మొహం కడుక్కునేటప్పుడు మొదలైన దగ్గు బస్సు ఎక్కేదాకా ఆగేది కాదు. వరుసలో ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూసి జరిగి నిలబడేవాళ్లు. క్లినిక్‌లో సిరప్ రాసిచ్చారు. దుమ్ములో పనిచేసేవాడికి సిరప్ ఏం చేస్తుంది, నా పిండాకూడు.

మా స్టోర్‌లో ఒక కేరళ మనిషి హెల్పర్‌గా ఉండేవాడు. మార్చిలో మొత్తంగా ఇంటికి వెళ్లిపోతున్నాడని తెలిసింది. స్టోర్ అంటే తలుపులున్న గది. దుమ్ముండదు, ఏసీ ఉంటుంది, కిటికీలోంచి గ్లవుజులు, హెల్మెట్లు ఇచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. ఆ చోటు మామకు దొరికితే ఆయన బతుకుతాడు. దొరక్కపోతే ఇంకో రెండేళ్లకు ఏమవుతాడో నేను కళ్లారా చూస్తున్నాను. ఎవరిని అక్కడ వేయాలో చెప్పాల్సింది సైటు ఇంజనీరు. ఇంగ్లండ్ మనిషి. ఆయన చెబితే ముదీర్, అంటే మా మేనేజరు, కాదనడు.

ఆ ఇంజనీరుకు చేపల పిచ్చి. వాళ్ల ఊరి ఏట్లో చలికాలం ట్రౌట్ అనే చేపను పడతారట. ఇక్కడ ఏరూ లేదు, ట్రౌటూ లేదు. మాకు స్వెటర్లు కావాల్సిన చలి ఆయన లెక్కలో చలే కాదు. అయినా డిసెంబర్ రాగానే చేతులు ఊరుకోవట. ఆయన గాలానికి ఎర్ర ఉండదు, రొయ్య ఉండదు. తెల్ల కోడీకలు, మెరిసే పోగులు దారంతో చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు ఉంటుంది. దాన్ని ఫ్లై అంటాడు. పొడుగాటి బద్దతో ఆ దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకీ నాలుగైదు సార్లు ఝళిపించి నీళ్ల మీద పడేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు మామా నేనూ గట్టు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాం. "చేపలను వడుతుండా, ఎడ్లను అదిలిస్తుండా?" అన్నాడు మామ.

ఆ రోజే ఆయన దారం మడ చెట్లకు చుట్టుకుపోయింది. నేను దిగి చిక్కు తీసిచ్చాను. సైటులో నన్ను చూసిన గుర్తుంది ఆయనకు. వచ్చే ఆదివారం వస్తావా అన్నాడు. ఆ ఏడాదే మా సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. వారానికి ఒక్క రోజు, బట్టలు ఉతుక్కోవడానికి, ఇంటికి ఫోన్ చేయడానికి. నేను తల గోక్కుంటుంటే మామ వెనక నుంచి నా వీపు మీద పొడిచాడు. వస్తానన్నాను.

నా పని ఏమిటంటే, ఆయన వెనక నిలబడి దారం చెట్లకు తగలకుండా కొమ్మలు పట్టుకోవడం. సామాను మోయడం. చేప పడితే వల అడుగున పెట్టడం. జనవరిలో పొద్దున ఆరింటికి ఆ నీళ్లలో దిగితే పాదాలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. ఆయనకు ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు. నాకు లుంగీ.

మామ నీళ్లలోకి రాలేడు, చలి తగిలితే దగ్గు ముదురుతుంది. కానీ ఖోర్ మొత్తం ఆయన తలకాయలో ఉండేది. చిన్నప్పుడు మా గోదావరి వెనక నీళ్లలో కొర్రమట్టలు పట్టిన చెయ్యి అది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన క్యాంపు ఖోర్ పక్కనే ఉండేదట, అప్పట్లో సెలవు రోజు దారం వేస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదట. ఇప్పుడు గాలం వేయాలంటే లైసెన్సు కార్డు కావాలి. ఇంజనీరుకు ఉంది, మాకు లేదు. ప్రతి శనివారం సాయంత్రం మామ మంచం మీద కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు.

"నీళ్లు లోపటికి వచ్చేటప్పుడు వట్టిదే అల్లుడా. ఎనుకకు మళ్లేటప్పుడు పో. మడ చెట్ల కాడికెళ్లి చిన్న చేపలు బయటికొస్తయ్. ఆ మూల మీద పెద్దయి కాసుకొని ఉంటయ్."

"ఆయన ఫోన్ల అన్నీ చూస్తడు మామా."

"ఫోన్ల నీళ్ల టైము ఉంటది. చేపల అడ్రసు ఉంటదా?"

పొద్దున నేను వెళ్లి ఆ మూల చూపించేవాణ్ని. చేప పడేది. ఇంజనీరు నా భుజం తట్టి, నీకెలా తెలుసు అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. ఈ సంగతి రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. మామ చెప్పాడు సార్ అని ఒక్క ముక్క నా నోటి నుంచి రాలేదు. చదువుకున్న దొరబాబు నా తెలివి చూసి ముచ్చటపడుతుంటే నాకు బాగుండేది.

ఇక పట్టిన చేపతో ఆయన చేసే పని. మొదటి వారం మూరెడు పొడుగు చేప పడింది, వెండి పళ్లెంలా మెరుస్తోంది. నేను సంచి తెరిచి పట్టుకున్నాను. ఆయన సంచి వైపు చూడనే లేదు. ముందు చేతులు తడుపుకోమన్నాడు, పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి జిగురు పోతుందట. కొలిచాడు. ఫోటో తీయించుకున్నాడు. తర్వాత దాన్ని నీళ్లలో రెండు చేతుల మధ్య పెట్టుకుని, నీళ్లు వచ్చే దిక్కుకు మొహం తిప్పి, అలా పట్టుకునే ఉన్నాడు. ఎందుకని అడిగితే, దానికి ఊపిరి ఆడాలి, తొందరపడి వదిలితే చచ్చిపోతుంది అన్నాడు. అది తోక కొట్టి వెళ్లిపోయేదాకా నిమిషం పైనే వంగి నిలబడ్డాడు.

నాకు నరనరం మండిపోయింది. మెస్‌లో వారానికి ఐదు రోజులు పప్పు. అది ఒకటి. కానీ అసలు మంట అది కాదు. చేపకు ఊపిరి ఆడిందా లేదా అని నడుము నొప్పి పెట్టేదాకా చూసుకునే మనిషి, రోజూ క్రషర్ ముందు నుంచే జీపు అద్దాలు ఎత్తుకుని పోతాడు. అక్కడ ఎవడి ఊపిరి ఎలా ఉందో దిగి చూసిన పాపాన పోలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా. పోనీ దుర్మార్గుడా అంటే అదీ కాదు. తన బ్రెడ్డులో సగం నాకు పెట్టేవాడు, ప్రతిదానికీ థాంక్యూ అనేవాడు. తిట్టుకుందామంటే కూడా మనిషి సరిగ్గా దొరకలేదు నాకు.

క్యాంపుకు రాగానే మామ అడిగేవాడు. "వడ్డదా?"

"వడ్డది. ఇడిసిపెట్టిండు."

"మళ్లనా? ఆయనకేమన్న మొక్కున్నదారా?"

నవ్వి, దగ్గి, మంచం మీద ఒరిగేవాడు. నవ్వు కంటే దగ్గు ఎక్కువసేపు ఉండేది.

మూడో వారం నుంచే నాకు ఆగబుద్ధి కాలేదు. "ఇయ్యాల అడుగుత మామా" అన్నాను. మామ ఒప్పుకోలేదు. మా వైపు పద్ధతి ఆయన ఒంట్లో ఉంది. పెద్ద మనిషి దగ్గర పని కావాలంటే ముందు చాకిరీ చెయ్యాలి, నోరు తెరవకూడదు. నమ్మకం కుదిరాక ఆయనే ఒక రోజు, నీకేం కావాలిరా అంటాడు. అప్పుడు చెప్పుకోవాలి.

"మనమే అడిగితే సులకనైతం. గిందుకా నా ఎంబడి తిరిగినవ్ అంటడు. ఆయన నోటితోటే రావాలె."

"ఆయన మన పటేలు కాదు మామా. తెల్లోడు."

"పెద్దోడు యాడున్నా పెద్దోడే. నువ్ చెయ్యి, అడగకు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత మా మామ చెవిన పడినట్టు లేదు. నాకూ బుద్ధి లేదు, పెద్దవాడు చెప్పాడు కదా అని ఊరుకున్నాను. ఐదో వారం, ఆరో వారం, ఏడో వారం. ఇంజనీరు వాతావరణం గురించి అడిగేవాడు, మా ఊరి చేపల గురించి అడిగేవాడు, నా పిల్లల చదువు గురించి కూడా అడిగాడు. నీకేం కావాలి అని మాత్రం అడగలేదు. ఎందుకడుగుతాడు? వాళ్ల దగ్గర కావాల్సినవాడు నోరు తెరిచి చెబుతాడు. చెప్పలేదంటే ఏమీ అక్కర్లేదని అర్థం. నేను ఆదివారాలు సరదాకే వస్తున్నానని ఆయన నమ్మాడు.

మార్చి మొదటి ఆదివారం ఆయన గాలం బద్ద విప్పి సర్దుతూ, ఇదే ఆఖరు అన్నాడు. వేరే దేశంలో పనికి బదిలీ అయిందట, గురువారం విమానం. ఇక పద్ధతీ లేదు, మర్యాదా లేదు. సార్, ఒక మాట అన్నాను, హిందీ సగం ఇంగ్లీషు సగం కలిపి. స్టోర్ అనే మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. తెలుసు, నీ పేరే ఇచ్చేశాను అన్నాడు. ఖోర్‌ను ఇంత బాగా చదివినవాడు స్టోర్‌ను కూడా బాగా చూసుకుంటాడని రాశానన్నాడు. నాకు ఆ సంగతి వెళ్లే ముందు చెబుదామని దాచిపెట్టాడట.

"నాకు కాదు సార్. మా మామకు."

"మామ ఎవరు?" అన్నాడు.

తొమ్మిది వారాలు. మామ ఎవరు అని అడిగాడు. అప్పుడు చెప్పాను, క్రషర్ గురించి, దగ్గు గురించి. ఆయన తడి చేతులతోనే ఫోన్ తీసి ముదీర్‌కు కలిపాడు. చాలాసేపు మాట్లాడాడు. జనవరిలో కొత్త బ్యాచ్ దిగినప్పుడైతే క్రషర్‌కు ఒక మనిషిని ఇచ్చి మామను తీసేవాళ్లట. ఇప్పుడు అందరినీ పంచేశారు, క్రషర్ నుంచి ఎవరినీ కదపడానికి లేదు. స్పీకర్‌లో ముదీర్ గొంతు నాకూ వినబడింది, ఖలాస్ అంటోంది.

"ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది" అన్నాడు ఇంజనీరు. ఆయన కళ్లలో నిజంగానే బాధ కనబడింది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. తర్వాత, నీకు వద్దంటే చెప్పు, నీ పేరు కొట్టేయిస్తాను అన్నాడు.

నేను అప్పుడు వద్దనాలి. డ్రిల్లింగ్‌లో ఉన్నాను, ఎండ తప్ప నాకు ఏ రోగమూ లేదు. అయినా వద్దనలేదు. నేను కాదంటే ఆ చోటు ఇంకెవడికో పోతుంది, మామకైతే రాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ నేను వద్దననిది అందుకు కాదు. ఎండాకాలం వస్తోంది, లోపల ఏసీ ఉంది. అంతే.

"ఉండనీయండి సార్" అన్నాను.

క్యాంపుకు వచ్చేసరికి మామ పళ్లెంలో అన్నం పెట్టుకుంటున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన తల ఊపి కూర వేసుకునేసరికి నేనే రెచ్చిపోయాను. "నువ్వే గదా అడగకుమంటివి. నీ మాట ఇనబట్టే గిట్లయింది" అని గది దద్దరిల్లేలా అరిచాను. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు.

మామ అన్నం కలపడం ఆపలేదు. "పని అడగకుమన్న అల్లుడా. నా పేరు చెప్పకుమన్ననా?"

నేను పై మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

పది రోజుల తర్వాత స్టోర్‌లో కూర్చున్నాను. క్రషర్ వాళ్లకు వారానికి రెండు మాస్కులు ఇవ్వాలి. ఆ గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, నెత్తి నుంచి బూట్ల దాకా తెల్ల దుమ్ముతో, వరుసలో ఏడోవాడిగా మామ వచ్చాడు. నేను మాస్కుల డబ్బా మొత్తం కిటికీలోంచి తోశాను. ఆయన అందులోంచి రెండే తీసుకుని, డబ్బాను వేళ్లతో జాగ్రత్తగా నా వైపు జరిపాడు.

"సంతకం యాడ వెట్టాలె సార్?" అన్నాడు.

నేను గడి చూపించాను.