కాశీయాత్రను ఆపిన అతిథి

ఈశాన్య కొండల్లో జవానుగా ఉన్న వరునితో మా మనవరాలి పెళ్లి రెండు మార్లు వాయిదాపడింది. అక్కడి గిరిజన సాయుధులకూ ప్రభుత్వానికీ శాంతి ఒప్పందం కుదిరిన పిమ్మటనే అతనికి సెలవు లభించింది. ఆ శాంతి ఎన్నాళ్లు నిలుస్తుందోనన్న దిగులు మాత్రం నన్ను వీడలేదు. పైగా వరుడు, ఆ ఒప్పందంతో తుపాకి దించిన ఒకతణ్ణి స్నేహితుడంటూ పెదకాకానిలోని మా ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు.

కాశీయాత్ర వేళ వరుడు గొడుగు, కర్ర చేతబట్టి, సంసారం వద్దంటూ పందిరి దాటాడు. గడ్డం కింద బెల్లంముక్క పెట్టి బతిమాలి వెనక్కు తేవలసినవాడు బావమరిది. మా పిల్లకు అన్నదమ్ములు లేరు. ఎవరిని పంపుదునా అని నేను వెదుకుతుండగానే, అది వేడుకని ఎరుగని ఆ అతిథి మిరపకాయలు ఆరబోసిన కల్లం మీదుగా పరుగెత్తి వరుణ్ణి నడుం పట్టి ఎత్తేశాడు. పాత పగ రేగిందనుకొని నేను అటు ఉరికాను.

"మత్ జావో, భాయ్," అని, వెళ్లొద్దంటూ అతడు హిందీలో దీనంగా వేడుకొంటున్నాడు.

పెళ్లికొడుకు తల్లి పకపకా నవ్వింది. "బావమరిది దొరికాడుగా, ఇంకెక్కడికిరా వెళ్తావు? పద లోపలికి."

నేను బెల్లంముక్క అతిథి చేతికిచ్చాను. వరుని గడ్డానికి తాకించాలని తెలియక అతడు దాన్ని తన నోట్లోనే వేసుకున్నాడు. పందిరంతా నవ్వులతో నిండిపోయింది.

గౌరీపూజ దగ్గరనుండి లేచొచ్చి మా మనవరాలు గుమ్మంలో నిలబడి ఉంది. "తాతయ్యా, అన్నయ్యకు ఇంకో ముక్క ఇవ్వండి," అంది.

ఆ ఒప్పంద పత్రాన్ని నేను చూడలేదు. ఆ పిలుపు విన్నాక మాత్రం నా దిగులు తీరిపోయింది.